దర్శన స్పర్శనాలు లేని ప్రశ్న: 18వ శతాబ్దపు యూరప్ రోగిలేఖలు – ఒక సాహిత్య పరిశీలన

వ్యాససంగ్రహం:
18వ శతాబ్దపు యూరప్‌లో దూరాన ఉన్న వైద్యునికి ఉత్తరం రాసి సలహా పొందడం చదువుకున్న వర్గాలలో సాధారణమైన ఆచారం. ఆ ఉత్తరాలను వైద్యచరిత్రకారులు ఆధారపత్రాలుగా విస్తృతంగా వినియోగించుకున్నారు. లేఖాసాహిత్య విమర్శ మాత్రం వాటిని తగినంతగా పట్టించుకోలేదు. డేవిడ్ హ్యూమ్, టోబియాస్ స్మాలెట్ రాసిన రోగిలేఖలను ప్రధానంగా తీసుకొని, ఈ రచనలను స్వీయకథన రూపంగా చదవవలసిన అవసరాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: రోగిలేఖ, లేఖాసాహిత్యం, స్వీయకథనం, హ్యూమ్, స్మాలెట్, తిస్సో, త్రివిధ పరీక్ష.

1. ఉపోద్ఘాతం

రోగిని పరీక్షించే మార్గాలు మూడని వాగ్భటుని 'అష్టాంగహృదయం' చెబుతుంది. అవి దర్శనం, స్పర్శనం, ప్రశ్న. మొదటి రెండింటికీ వైద్యుని కన్ను, చేయి చాలు. మూడవదానికి రోగి నోరు విప్పాలి. రోగి ఒక ఊరిలోను, వైద్యుడు మరొక ఊరిలోను ఉండి, ఇద్దరి మధ్య తపాలా తప్ప వేరే దారి లేనప్పుడు ఈ త్రివిధ పరీక్ష ఏమవుతుంది? మొదటి రెండు మార్గాలూ మూసుకుపోతాయి. చూసి తెలుసుకోవలసినదీ, తాకి తెలుసుకోవలసినదీ కూడా మాటల్లోకి దిగవలసి వస్తుంది. తన నాలుక రంగును, నాడి వేగాన్ని, మూత్రం చిక్కదనాన్ని రోగి తానే చూసుకొని, తానే రాయాలి. పరీక్షించేవాడూ పరీక్షకు గురయ్యేవాడూ ఒక్కడే కావడం రోగిలేఖకు మూలలక్షణం. ఈ వ్యాసంలో చర్చించే ఇతర లక్షణాలన్నీ దీనినుండి పుట్టినవే.

ఈ ఆచారానికి యూరప్‌లో దీర్ఘచరిత్ర ఉన్నా, 18వ శతాబ్దంలో అది బాగా విస్తరించింది. లైడెన్‌లో బూర్హావే, ఎడిన్‌బరోలో విలియం కలెన్ (1710-1790), లొజాన్‌లో సామ్యుయెల్ ఒగ్యూస్ట్ తిస్సో (1728-1797) వంటి ప్రసిద్ధులకు దూరప్రాంతాల నుండి ఉత్తరాలు వచ్చేవి. తిస్సోకు అందిన పత్రాలు 1,200కు పైగా లొజాన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. కలెన్ లేఖలు ఎడిన్‌బరోలోని రాజ వైద్య కళాశాలలో ఉన్నాయి. అవి డిజిటల్ రూపంలోనూ పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. కలెన్ తన జవాబులకు నకళ్లు ఉంచుకునేవాడు. మొదట ఆ పని లేఖకులు చేసేవారు. 1780ల నాటికి జేమ్స్ వాట్ రూపొందించిన నకలుయంత్రాన్ని ఆయన వాడాడు. ఆవిరియంత్రంతో ప్రసిద్ధుడైన వాట్ పేరు రోగిలేఖల చరిత్రలో కూడా కనిపించడం ముచ్చటైన విషయం. ఆ నకళ్ల పుణ్యమా అని కలెన్ విషయంలో ప్రశ్న, సమాధానం రెండూ మిగిలాయి. తిస్సో వద్ద మిగిలినవి ప్రధానంగా వచ్చిన ఉత్తరాలే.

2. ఉత్తరం రాయడం నేర్పిన పుస్తకం

రోగిలేఖ ఆకస్మికంగా పెల్లుబికిన హృదయఘోష అనుకుంటే పొరపాటు. దానికి ఒక శిక్షణ ఉంది. తిస్సో 1761లో 'ప్రజలకు ఆరోగ్యసలహా' అనే అర్థం వచ్చే పేరుతో ఫ్రెంచిలో ఒక గ్రంథం ప్రచురించాడు. అది అనేక యూరపు భాషలలోకి అనువాదమై, ఆ కాలపు ఇంటివైద్య గ్రంథాలలో అగ్రస్థానం పొందింది. వైద్యుని సలహా కోరేవారు తప్పనిసరిగా సమాధానం చెప్పగలగవలసిన ప్రశ్నల పట్టిక ఒకటి అందులో ఉంది. వయసెంత? ఇంతకుముందు ఆరోగ్యం ఎలా ఉండేది? జీవనవిధానం ఏమిటి? జబ్బు ఎప్పటినుండి? ఎలా మొదలైంది? జ్వరం ఉందా? నిద్ర పడుతోందా? ఆకలి ఉందా? మలమూత్రాలు ఎలా ఉన్నాయి? ఇంతవరకు ఏ మందులు వాడారు? స్త్రీలకు, పిల్లలకు వేరే ప్రశ్నలున్నాయి. పల్లెల నుండి వైద్యుని దగ్గరకు వచ్చే దూతలు రోగి స్థితిని సరిగా చెప్పలేకపోవడం తిస్సోకు అనుభవంలో ఉన్న ఇబ్బంది. పట్టిక దానికి ఆయన వెదికిన విరుగుడు.

ఇక్కడ సాహిత్య విద్యార్థి ఆగి చూడవలసిన విషయం ఉంది. ఈ పట్టికలో వైద్యుడు మొదటి ప్రశ్నల్లోనే రోగిని గతంలోకి పంపుతున్నాడు. జబ్బుకు ముందరి కాలం, జీవనవిధానం, మొదలైన తీరు అనే మూడింటికీ వరుసగా జవాబు రాసుకుంటూ పోతే తయారయ్యేది కథ. ఆనాటి వైద్యసిద్ధాంతం కూడా దీనికి అనుకూలించింది. ప్రతి శరీరానికీ తనదైన ప్రకృతి ఉంటుందని, జబ్బు ఆ ప్రకృతికీ నడవడికీ మధ్య పుట్టే వికృతి అని నమ్మిన కాలం అది. మన ప్రకృతి, దోష భావనలు తెలిసిన పాఠకునికి ఇది కొత్తగా తోచదు. అటువంటి సిద్ధాంతంలో బాల్యం, తల్లిదండ్రుల వ్యాధులు, దుఃఖాలు, చదివిన పుస్తకాలు అన్నీ వైద్యునికి పనికివచ్చే సమాచారమే. ఆ కారణంగానే సుదీర్ఘమైన లేఖలు పుట్టాయి. 'కడుపునొప్పికి మందు చెప్పండి' అనడానికి పుట్టినప్పటి నుండి మొదలుపెట్టడం మనకు వింతగా తోస్తే, అది మన కాలపు వైద్యం మనకు నేర్పిన తొందర.

పుస్తకం ఉత్తరాన్ని పుట్టించిన మరో ఉదంతం కూడా తిస్సోదే. హస్తప్రయోగం వల్ల సర్వరోగాలూ వస్తాయని ఆయన 1760లో ఫ్రెంచిలో ప్రకటించిన గ్రంథం చదివినవారు, తమ ఒంట్లోని ప్రతి నలతనూ ఆ పుస్తకం చూపిన వెలుగులో చదువుకొని, ఒప్పుకోలు రూపంలో ఆయనకే రాసుకున్నారు. వాళ్లు తమ శరీరాన్ని చూస్తున్నామనుకున్నారు గాని, చూసింది ఆయన వాక్యాలను. భయాన్ని పుట్టించినవాడే అభయం ఇవ్వవలసినవాడు కావడం ఆ లేఖలలోని విషాదం. ఈ విషయంలో తిస్సో శాస్త్రం తప్పని ఈనాడు అందరికీ తెలుసు. ఆ తప్పుకు మూల్యం ఎవరు చెల్లించారో తెలియాలంటే ఈ ఉత్తరాలు చదవాలి.

3. హ్యూమ్: జవాబు తెలిసినవాడి ప్రశ్న

రోగిలేఖ సాహిత్యస్థాయిని అందుకున్న సందర్భాలలో నా దృష్టిలో శిఖరప్రాయమైనది డేవిడ్ హ్యూమ్ 1734 వసంతంలో పేరు చెప్పకుండా ఒక వైద్యునికి రాసిన లేఖ. అప్పటికి ఆయన ఎవరికీ తెలియని యువకుడు. వయసు ఇరవై మూడుకు అటూ ఇటూ. లేఖ ఎవరికి ఉద్దేశించినదనే విషయంలో వివాదం ఉంది. 19వ శతాబ్దంలో దానిని వెలువరించిన బర్టన్ జార్జ్ చేనీ పేరు సూచించగా, జీవితచరిత్రకారుడు మాస్నర్ 1944లో జాన్ ఆర్బత్‌నాట్ పేరును సమర్థించాడు. అసలు ఆ ఉత్తరం తపాలాలో పడిందో లేదో కూడా నిర్ధారణ కాలేదు. గోపీచంద్ 'పోస్టు చేయని ఉత్తరాలు' శీర్షిక ఇటువంటి సందర్భంలో తెలుగు పాఠకునికి గుర్తురాక మానదు.

లేఖలోని కథ ఇది. చిన్ననాటి నుండి పుస్తకాలంటే ఇష్టం. పద్దెనిమిదేళ్ల వయసులో ఆలోచనకు ఒక కొత్త లోకం తెరుచుకుంది. ఆ ఉత్సాహంలో న్యాయవాదవృత్తి ఆలోచన విడిచిపెట్టాడు. 1729 సెప్టెంబరు ప్రారంభంలో ఆ ఉత్సాహం ఒక్కసారిగా చల్లారిపోయింది. మొదట అది తన సోమరితనం అనుకొని మరింత గట్టిగా చదివాడు. సిసెరో, సెనెకా, ప్లుటార్క్‌ల నీతిగ్రంథాలతో మనసును దృఢపరచుకోవాలని చూశాడు. తరువాత వేళ్లమీద మచ్చలు కనిపించాయి. నోట నీళ్లూరడం మొదలైంది. స్థానిక వైద్యుడు నవ్వి, నీకు వచ్చింది పండితుల జబ్బు అని చెప్పి, చేదుమందులు, మాత్రలు, రోజూ కొంత ద్రాక్షసారా, గుర్రపుస్వారీ విధించాడు. 1731లో అకస్మాత్తుగా విపరీతమైన ఆకలి పుట్టి, బక్కపలచని యువకుడు కొద్ది వారాలలోనే ఎర్రగా బొద్దుగా తయారయ్యాడు. చూసినవారందరూ ఆరోగ్యం బాగుందని అభినందించారు. లోపల మాత్రం రాయవలసినది రాయలేని స్థితి.

త్రివిధ పరీక్షను ఇక్కడ అన్వయించి చూస్తే లేఖ ప్రత్యేకత బయటపడుతుంది. దర్శనం ఈ రోగి విషయంలో అబద్ధం చెబుతుంది. బుగ్గల మీద ఎరుపు చూసిన వైద్యుడు ఇతడికి జబ్బు లేదనే అంటాడు. కనుక ఎదురుగా కూర్చొని చెప్పుకోవడం కంటే, తన ముఖం కనిపించని దూరం నుండి రాయడమే హ్యూమ్‌కు అనుకూలం. పేరు దాచుకోవడంలో సిగ్గు ఎంత ఉన్నదో నాకు తెలియదు గాని, కనిపించకపోవడం వల్ల ఆయన పొందిన లాభం మాత్రం స్పష్టం. దూరం ఈ లేఖకు లోపం కాలేదు. లేఖ నిలబడినదే దూరం మీద.

రెండవ విశేషం. తన ఆలోచనలతో ఎన్నో దస్తాల కాగితాలు నింపాననీ, వాటిని క్రమంగా, సొంపుగా కూర్చే శక్తి మాత్రం పోయిందనీ హ్యూమ్ బాధ. కాని ఆ బాధను చెప్పిన రచన ఎలా ఉంది? కాలక్రమం ఎక్కడా చెదరదు. తన నీరసాన్ని ఫ్రెంచి మర్మయోగులు తమ ఆధ్యాత్మిక శుష్కత గురించి చెప్పుకున్న అనుభవాలతో పోల్చి విశ్లేషించే సాహసం అందులో ఉంది. రాయలేనని చెప్పడానికి ఇంత బాగా రాసినవాడు రోగియా, రచయితా? నా అభిప్రాయంలో ఈ వైరుద్ధ్యమే లేఖకు ప్రాణం. కొన్ని సంవత్సరాల తరువాత (1739-40) వెలువడిన ఆయన మహాగ్రంథం మానవప్రకృతిని అనుభవం ఆధారంగా పరిశీలిస్తుంది. ఆ పరిశీలనకు మొదటి వస్తువు తానేనని ఈ లేఖ చదివితే తెలుస్తుంది. హ్యూమ్ పండితులు దీనిని జీవితచరిత్రకు ఆధారంగానే ఎక్కువగా వాడుకున్నారు. దానిని ఆయన తత్త్వరచనకు తొలి అభ్యాసంగా చదవడం మరింత న్యాయం.

మూడవది ముగింపు. తనవంటి పండితులను ఎవరినైనా చూశారా, కోలుకుంటానా, ఎంతకాలం పడుతుంది అని హ్యూమ్ అడుగుతాడు. అయితే ఈలోగా చికిత్స తానే నిర్ణయించుకున్నాడు. కొంతకాలం చదువు పక్కనపెట్టి వ్యాపారంలో చేరడానికి బ్రిస్టల్ బయలుదేరాడు. అంటే ఆయన కోరుతున్నది మందు కాదు, తన నిదానాన్ని చదివి అవుననగల ఒక పాఠకుని. వైద్యునిలో పాండిత్యం, చమత్కారం, దయ ఉండాలని ఆయన ఆశించడం అందుకే. బ్రిస్టల్ వ్యాపారం కొన్ని నెలలే సాగింది. ఆ తరువాత ఆయన ఫ్రాన్స్ వెళ్లి గ్రంథరచనలో మునిగాడు.

4. స్మాలెట్: చదవని వైద్యుడు

హ్యూమ్ లేఖకు జవాబు లేదు. స్మాలెట్ లేఖకు జవాబు వచ్చింది, అది ఇంకా పెద్ద చిక్కు. నవలారచయిత టోబియాస్ స్మాలెట్ స్వయంగా వైద్యుడు. దగ్గు, ఆయాసంతో బాధపడుతూ 1763 చివర ఫ్రాన్సులోని మాంపెల్యే చేరి, అక్కడ మహాప్రసిద్ధుడైన ఆచార్య ఫిజ్ సలహా కోరాడు. ఇద్దరూ ఉన్నది ఒకే ఊరిలో. అయినా స్మాలెట్ స్వయంగా వెళ్లలేదు. తన స్థితిని లాటిన్‌లో వివరంగా రాసి, రుసుముతో పాటు పంపాడు. లాటిన్ ఆనాటి వైద్యుల ఉమ్మడి భాష. జవాబు ఫ్రెంచిలో వచ్చింది. అందులో ఊపిరితిత్తులలో గడ్డలున్నాయనే ఊహమీద చికిత్స నిర్ణయించి ఉంది. తాను రాసిన వివరాలను ఆచార్యుడు సరిగా చదవనే లేదని స్మాలెట్‌కు మండిపోయింది. 1766లో వెలువరించిన ఫ్రాన్స్, ఇటలీ యాత్రాలేఖలలో ఈ ఉత్తర ప్రత్యుత్తరాలను అచ్చువేసి తీర్పు పాఠకులకు వదిలాడు.

స్మాలెట్ కోపిష్టి. ఆ యాత్రాగ్రంథం నిండా ఆయన చిరాకులే. ఆయన మాటను యథాతథంగా నమ్మనక్కరలేదు. అయితే వైద్యచరిత్రలో బాగా ప్రచారంలో ఉన్న ఒక సిద్ధాంతాన్ని ఈ ఉదంతం ప్రశ్నిస్తుంది. 1976లో జ్యూసన్ అనే సమాజశాస్త్రవేత్త, 1770-1870 మధ్య వైద్యశాస్త్ర దృష్టి నుండి రోగి అనే మనిషి అదృశ్యమయ్యాడని వాదించాడు. అంతకుముందు వైద్యుడు ధనికుడైన రోగి పోషణ మీద ఆధారపడినవాడు గనుక, రోగి మాటకు విలువ ఉండేదని ఆ వాదసారం. ఆసుపత్రి వైద్యం, 1816లో లాయెనెక్ స్టెతస్కోపు వచ్చాక ఆ మాట అవసరం తగ్గిందన్నది స్థూలంగా నిజమే. రోగి దృష్టికోణం నుండి వైద్యచరిత్ర రాయాలని 1985లో రాయ్ పోర్టర్ ఇచ్చిన పిలుపు తరువాత రోగిలేఖల పరిశోధన మరింత ఊపందుకుంది. ఈ ధోరణిలో ఒక సువర్ణయుగ కల్పన తొంగిచూస్తోందని నా అభ్యంతరం. స్మాలెట్ దగ్గర డబ్బు ఉంది, వైద్యవిద్య ఉంది, లాటిన్ ఉంది, భాష మీద అసాధారణమైన పట్టు ఉంది. అయినా చదివించుకోలేకపోయాడు. స్టెతస్కోపుకు అర్ధశతాబ్దం ముందే రోగి మాట వైద్యుని చెవిని దాటిపోయింది. మాటకు అవకాశం ఉండడం వేరు, మాట చెల్లడం వేరు.

స్మాలెట్ ఈ పరాభవాన్ని వృథా పోనివ్వలేదు. 1771లో వెలువడిన ఆయన చివరి నవల 'హంఫ్రీ క్లింకర్' లేఖారూపంలో నడుస్తుంది. మాథ్యూ బ్రాంబుల్ అనే పెద్దమనిషి తన వైద్యమిత్రుడు లూయిస్‌కు రాసే ఉత్తరంతోనే అది మొదలవుతుంది. మీ మాత్రలు ఎందుకూ కొరగానివని, తన దేహతత్త్వం తనకే బాగా తెలుసునని బ్రాంబుల్ మొదటి వాక్యాల్లోనే విసుక్కుంటాడు. ఆ తరువాత నవల పొడవునా ఆయన ఉత్తరాలు రాస్తూనే ఉంటాడు. డాక్టర్ లూయిస్ రాసిన ఉత్తరం మాత్రం పాఠకునికి ఒక్కటీ కనిపించదు. వైద్యుని మౌనాన్ని స్మాలెట్ శిల్పంగా మార్చాడు. జవాబు కనిపించని చోట రోగి మాట అడ్డూ ఆపూ లేకుండా సాగుతుంది. మలబద్ధకంతో మొదలైన ఉత్తరం స్నానవాటికల మురికిని, నగరాల రొదను, బంధువుల మూర్ఖత్వాన్ని కలుపుకొని ఒక సమాజపు రోగనిర్ధారణగా పెరుగుతుంది. ఈ నవలను హాస్యరచనగా మాత్రమే చదివే విమర్శకులు, దాని ఎముకలగూడు రోగిలేఖ అనే విషయాన్ని పట్టించుకోవడం అరుదు.

5. మరొకరి చేతిరాత

అన్ని రోగిలేఖలూ రోగులు రాసినవి కావు. భార్య గురించి భర్త, బిడ్డ గురించి తల్లి, ఊరివారి గురించి మతాచార్యుడు, తన చేతికి లొంగని రోగి గురించి స్థానిక వైద్యుడు రాసినవి గణనీయంగా ఉన్నాయి. తిస్సో పత్రాలపై పనిచేసిన సెవెరిన్ పిల్లూ ఈ మధ్యవర్తుల పాత్రను వివరంగా చర్చించారు. 1784లో నీరువాపు, ఆయాసంతో బాధపడుతున్న సామ్యుయెల్ జాన్సన్ తన విషయం మీ వైద్యులను అడగమని స్కాట్లాండులోని బాస్వెల్‌కు రాశాడు. బాస్వెల్ కలెన్, హోప్, మన్రో ప్రభృతులకు లేఖలు పంపాడు. వారి సమాధానాలను 1791లో జాన్సన్ జీవితచరిత్రలో చేర్చాడు. జాన్సన్ వంటివాడికి మధ్యవర్తి గౌరవసూచకం. తన జబ్బు గురించి భర్త రాసిన ఉత్తరంలో ప్రథమపురుషగా మాత్రమే మిగిలిన స్త్రీకి అదే మధ్యవర్తిత్వం గొంతు నొక్కివేత. ఉత్తరంలో 'నేను' ఎవరిదన్న ప్రశ్న వేయకుండా రోగిలేఖను స్త్రీవాద దృష్టితో చదవడం సాధ్యం కాదు.

6. తెలుగు లేఖాసాహిత్య విమర్శకు

తెలుగులో లేఖాసాహిత్యంపై జరిగిన పరిశోధన చాలావరకు రచయిత ప్రసిద్ధిని ఆధారం చేసుకున్నది. గురజాడ లేఖలు, చలం చింతా దీక్షితులకు రాసిన లేఖలు, సంజీవ్‌దేవ్ లేఖలు మనకు అధ్యయనవస్తువులయ్యాయి. కల్పిత లేఖలలో చలం 'ప్రేమలేఖలు' ఒక సంప్రదాయాన్నే స్థాపించింది. అవసరం కోసం రాసిన ఉత్తరం, అనగా పనిలేఖ, సాహిత్యం కాదనే అభిప్రాయం దీని వెనుక ఉంది. హ్యూమ్ ఉదాహరణ ఆ గీతను చెరిపివేస్తుంది. రాసేనాటికి ఆయన ప్రసిద్ధుడు కాడు. రాసిన కారణం జబ్బు.

మనకూ ఈ సామగ్రి పూర్తిగా లేకపోలేదు. పత్రికలలో ప్రకటన చూసి వైద్యశాలకు రాసి, వి.పి.పి. ద్వారా మందు తెప్పించుకోవడం మన తాతల తరానికి పరిచితమైన వ్యవహారం. 'లోధ్ర' మందుతో ప్రసిద్ధులైన డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో 'గృహలక్ష్మి' పత్రిక స్థాపించారు. వైద్యము, స్త్రీల పఠనము, తపాలా ఒకచోట కలిసిన ఇటువంటి సందర్భాలను లేఖాప్రక్రియ దృష్టితో పరిశీలించవలసి ఉంది. తరువాతి దశలో వారపత్రికల వైద్యసలహా శీర్షికలు వచ్చాయి. డాక్టర్ జి. సమరం శీర్షికలు ఎదుటపడి అడగలేని ప్రశ్నలకు తావిచ్చాయి. తిస్సో పాఠకులను పీడించిన అపోహలే రెండు శతాబ్దాల తరువాత తెలుగు యువకులను పీడిస్తుంటే, వాటిని తొలగించడానికి ఇక్కడ తపాలాయే సాధనమైంది. అక్కడ భయాన్ని పెంచిన దారి ఇక్కడ భయాన్ని తగ్గించింది.

అయితే ఆ శీర్షికలను పరిశోధకుడు జాగ్రత్తగా చదవాలి. అచ్చులో మనకు కనిపించేది నాలుగైదు వాక్యాల ప్రశ్న. వయసు, పెళ్లి అయిందో లేదో, బాధ, చివర ఊరిపేరుతోనో పొడి అక్షరాలతోనో సంతకం. స్థలాభావం వల్ల సంపాదకుడు ఉత్తరాన్ని కుదించక తప్పదు. కుదింపులో మొదట పోయేది బాల్యం, తరువాత పోయేది సందేహం, అంటే హ్యూమ్ లేఖలో మనం విలువైనవని చూసిన భాగాలే. కత్తిరించక ముందరి ఉత్తరాలు పత్రికా కార్యాలయాల్లోను, వైద్యుల ఇళ్లలోను, వైద్యశాలల పాత దస్త్రాలలోను ఎక్కడెక్కడ మిగిలాయో వెదకడం ఈ పరిశోధనలో మొదటి మెట్టు. అవి దొరికినప్పుడు పేర్లు, ఊళ్లు తొలగించి, రాసినవారి గోప్యతకు భంగం రాకుండా, వాక్యాలను మాత్రం సరిదిద్దకుండా ప్రతి తీసుకోవాలి.